ఈగ దూరని గూడు

జొన్నకోతలు అయిపోయాయి. కళ్ళాలు ఊడ్చేశారు. అది భూమధ్యరేఖకి దక్షిణాన ఉన్న దేశం, చలికాలం వచ్చేది జూన్‌లోనే. ఆ జూన్ నెల వాకిట్లోకి వచ్చేసరికి ఆ కొండమీది ఊళ్ళో ఎవరిని కదిపినా ఒకటే మాట, ఈ ఏడు మంచు ముందుగా పడుతుందని. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు. దక్షిణం నుంచి కొట్టే గాలికి ఆ మాత్రం నోరుంటుంది.

ముసలి మోజలేఫాకి ఆ కబురు పుంజు చెప్పింది. పొద్దున్నే గూటి రేకుతలుపు తీస్తే పన్నెండు పెట్టలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఎండలోకి వచ్చాయి గానీ పుంజు రాలేదు. వంగి, లోపలికి చెయ్యి పెట్టి లాగాడు. దాని తురాయి కొసలు మూడు బొగ్గులా నల్లబడి ఉన్నాయి. చలి కరిచిన గుర్తు.

"అయ్యో నా తండ్రీ, ఎంత పనైంది" అన్నాడు. గోడవారగా ఎండలో రాయిమీద కూర్చుని, పుంజుని దుప్పటికింద చంకలో ఇరికించుకుని, చిప్పలో కరిగించిన గొర్రెకొవ్వు బొటనవేలితో తీసి తురాయికి రాయసాగాడు. గట్టిగా రుద్దితే నల్లబడ్డ కొస ఊడిపోతుంది. అందుకని పసిపిల్లవాడి మాడుకి ఆముదం పెట్టినంత మెల్లిగా అద్దుతున్నాడు.

మొఖేసి గాడిదమీద పిడకల బస్తాలు వేసుకుని పోతూ ఆగాడు. ఇద్దరూ ఒకే ఏడు పుట్టి, ఒకే కొండమీద గొర్రెలు కాసినవాళ్ళు.

"ఏరా మోజలేఫా, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేస్తున్నావా?"

"పుంజురా గుడ్డివాడా."

"అయితే పెళ్ళికొడుకు. మగాడు గుర్రానికి కొవ్వు రాస్తే చూశాను, కాడికి రాస్తే చూశాను. కోడికి రాయడం ఇదే చూడ్డం. ఖోట్లాలో తీర్పులు చెప్పే పెద్దమనిషివి కదరా, కోళ్ళు ఆడవాళ్ళ సొమ్మని మర్చిపోయావా?"

"ఈ ఇంట్లో ఆడది ఉంటే ఆవిడే రాసేది."

మోజలేఫా భార్య మాపలేసా పోయింది ఈ వానల్లోనే. ఆ కోళ్ళు ఆవిడ వదిలిపెట్టి వెళ్ళినవి. మొఖేసి గాడిద తాడు సర్దినట్టు నటించి, ఒక బస్తా దించి గోడమీద పెట్టాడు.

"ఇవెందుకు?"

"ఉంచు. ఊరిపెద్దగారి ఆవు పిడకలే. ఆవు ఆయనది, మఫీసాకి నా దొడ్లో ఉంది. పాలు నావి, పేడ నాది, దూడ పుడితే ఆయనది. పేడ పంచిపెడితే ఆయన సొమ్మేం పోయింది?"

గాడిద నాలుగడుగులు వేశాక వెనక్కి తిరక్కుండానే అరిచాడు. "గూట్లోకి ఎక్కణ్ణుంచో గాలి కొడుతోందిరా. లేకపోతే తురాయి అలా కాదు. చూసుకో!"

ఆ మాటకి మోజలేఫాకి కాస్త రోషం వచ్చింది. ఆ గూడు కట్టింది తను. ముప్ఫై ఏళ్ళ కిందట ఏటిగట్టు నుంచి రాయి రాయి మోసుకొచ్చి, గుమ్మం ఉత్తరపు ఎండకి, వీపు దక్షిణపు గాలికి పెట్టి, చుట్టూ గుండ్రంగా లేపాడు. రాతిగోడ కట్టడంలో ఆ చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అతనికి తెలుసు. కొంచెం ఎక్కువే తెలుసు.

అయినా చూడాలి. పన్నెండు పెట్టల్లో ఒక్కటి చచ్చినా మాపలేసాకి ఏం మొహం చూపిస్తాడు? గాలి కంటికి కనబడదు, పొగకి కనబడుతుంది. పొయ్యిలోంచి రగులుతున్న పిడక ఒకటి పగిలిన కుండపెంకులో పెట్టి తెచ్చి, పైన రెండు పచ్చి ఆకులు వేసి, గూటి మధ్య ఉంచి తలుపు మూశాడు. మోకాళ్ళమీద చేతులు ఆనించి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. కప్పుగడ్డిలోంచి సన్నగా పొగ లేస్తోంది. అది మామూలే. తలుపు అంచుల్లోంచి కొంచెం. అదీ మామూలే.

గూటి వెనక, చేనువైపు, కలబంద గుబురుగా పెరిగిన చోట నేలకి జానెడు ఎత్తులో పొగ కట్ట కట్టినట్టు బయటికి వస్తోంది.

కలబంద మట్టలు ముళ్ళు గుచ్చుకుంటుంటే పక్కకి వంచి చూశాడు. అడుగు వరసలో ఒక రాయి లేదు. ఎప్పుడో కిందికి కుంగి, పక్కకి దొర్లి, మట్టిలో సగం పూడుకుపోయింది. అది వదిలిన కన్నం ఒక పెట్ట వంగి దూరేటంత ఉంది. కిందిరాయి అంచు వచ్చీపోయే పొట్టల రాపిడికి నున్నబడింది. రాతిసందులో పాత ఈకలు రెండు ఇరుక్కుని ఉన్నాయి. లోపలివైపు ఎవరో గుడ్డ కుక్కారు. ఎలుకలు కొరికి, దాంట్లో సగమే మిగిలింది. ఆ సగం పట్టుకుని లాగాడు.

నీలం మీద తెల్లచుక్కల గుడ్డ. మాపలేసా పాత లంగా.

మోజలేఫా అలాగే నేలమీద చతికిలబడ్డాడు. కన్నానికి ఎదురుగా ఉన్నది అతని చేను. కన్నం నుంచి చేనుగట్టుకి పది అడుగులు. పొగ అతని మొహం మీదుగా చేనులోకే పోతోంది.

రెండేళ్ళ పైమాట, విత్తుల రోజుల్లో జరిగిన సంగతి. మొలకలు లేచేదాకా ఎవరి కోళ్ళని వాళ్ళు మూసి ఉంచుకోవాలని ఊరి కట్టుబాటు. ఒకరోజు తెల్లారేసరికి మోజలేఫా చేను ఒక మూలంతా గీకి, విత్తులు ఏరుకు తినేసి ఉంది. ఆ ముందురోజే ఊరిచివర ఉండే మానెయో అనే ఆవిడ కోళ్ళు దారిమీద తిరగడం ఇద్దరు చూశారు. ఖోట్లాలో, పశువులదొడ్డి పక్కన మగవాళ్ళంతా రాళ్ళమీద కూర్చుని ఉండగా, మోజలేఫా లేచి నిలబడి ఒకటే మాట అన్నాడు. "నా కోళ్ళు మూసే ఉన్నాయి. ఆ గోడ కట్టింది నేను. నా గూట్లోంచి ఈగ కూడా బయటికి పోదు." దానిమీద ఇంక ఎవరూ ఏమీ అడగలేదు. మానెయో ఏదో చెప్పబోతే, మోజలేఫా మాటకి ఎదురు మాటా అని కసిరారు. ఆవిడ గంపలో అన్నిటికంటే బాగా గుడ్లు పెట్టే చుక్కలపెట్టని జరిమానాగా పట్టుకొచ్చి, కాళ్ళు కట్టి, మాపలేసా చేతిలో పెట్టారు. ఆ తర్వాత ఏటిదగ్గర, గింజలు విసిరే చోట, మానెయోని చూసి "కోడిదొంగల తల్లి వస్తోంది" అని నవ్వడం మొదలైంది. నెల తిరక్కుండా ఆవిడ మిగిలిన కోళ్ళన్నీ అమ్మేసింది. మళ్ళీ పెంచలేదు.

చుక్కలపెట్ట ఇప్పుడు అతని ఎదురుగానే బూడిదగుంటలో పొర్లుతోంది. పన్నెండింట్లో ఎనిమిది దాని కూతుళ్ళే.

గుడ్డ దానంతట అది కన్నంలో దూరదు. మాపలేసాకి తెలుసు. తెలిసి, కప్పిపెట్టి, ఒక్క మాట చెప్పకుండా పోయింది.

మోజలేఫా గుడ్డముక్కని మడిచి కోటుజేబులో పెట్టుకున్నాడు. చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఆ క్షణాన అతనికి కలిగిన మొదటి ఆలోచన చెప్పుకోదగ్గది కాదు గానీ చెప్పక తప్పదు. ఇంత రాయి, దోసెడు మన్ను పడితే చాలు, కన్నమూ లేదు, కథా లేదు. అరవై ఏళ్ళు నిలబెట్టుకున్న మాట అలాగే నిలబడి ఉంటుంది.

*

ఆ మధ్యాహ్నమే రాయి వెతికి, సుత్తితో చెక్కి, కన్నంలో బిగించాడు. రాయి అతికినట్టు కూర్చుంది. అంతవరకూ మగాడి పని. మన్ను పెట్టి అలకడం ఆడవాళ్ళ విద్య. మాపలేసా ఏటా చలికాలం ముందు గూటికి లోపలా బయటా అలికేది. అతను పక్కన రాయిమీద కూర్చుని పొగాకు నములుతూ ఏవో కబుర్లు చెప్పేవాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడ చేతులవైపు సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

మన్నూ పేడా కలిపి పొద్దువాలే వేళకి గోడకి కొట్టాడు. గాలి పోయే సందు ఒక్కటీ మిగల్చకూడదని కప్పుకింద గోడ పైవరసతో సహా చుట్టూ మెత్తాడు. చేతులు నీలుక్కుపోయాయి. తృప్తిగా ఉంది. తెల్లారి చూసుకుంటే మంచు పట్టిన అలుకు పెళ్ళలు పెళ్ళలుగా లేచి నేలమీద పడి ఉంది. తలుపు తియ్యగానే కళ్ళు మండే ఘాటు ఒకటి గుప్పున కొట్టింది. కింద పరిచిన గడ్డి చెమ్మెక్కింది. పెట్టలు తుమ్ముతున్నాయి. పుంజు తురాయి ఇంకో కొస నల్లబడింది.

మోజలేఫాకి ఏడుపొచ్చినంత పనైంది.

ఊళ్ళో అలికే చేతులకి కరువు లేదు. మొఖేసి పెళ్ళాం ఉంది, పెద్దగారి కోడళ్ళున్నారు. అయినా కాళ్ళు ఊరిచివరికే నడిచాయి. మానెయో వాకిట్లో గింజలు చెరుగుతోంది. ఆ ఇంటి గోడలమీద నాగటిచాళ్ళలా వేళ్ళతో గీసిన ముగ్గు ఎండలో మెరుస్తోంది. ఆ ఊళ్ళో అలాంటి గోడ ఇంకొకటి లేదు. మూలనున్న కోళ్ళగూడు మాత్రం కప్పు కూలిపోయి, గడ్డి మొలిచి పడి ఉంది. మోజలేఫా దానివైపు చూడలేక వాకిలి బయటే నిలబడి "ఖోత్సో" అని పలకరించాడు.

"ఖోత్సో, అన్నా." మానెయో చేట ఆపలేదు. "పెద్దమనుషులు మా గుమ్మంలోకి! పొద్దు ఎటు పొడిచింది ఇవాళ?"

"నా గూటికి అలుకు నిలవడం లేదు చెల్లెమ్మా."

"ఎవరు అలికారు?"

"నేనే."

చేట ఆగింది. ఆవిడ మొహం మీదికి నవ్వు వచ్చి, వెళ్ళి, మళ్ళీ వచ్చింది. "ఎప్పుడు అలికావు?"

"నిన్న సాయంత్రం."

"సాయంత్రమా! ఈ చలిలో ఎవరైనా సాయంత్రం అలుకుతారా? తడి ఆరేలోపల మంచు పట్టి లేచిపోదూ? రాళ్ళు మోసే చేతులకి ఆ మాత్రం తెలియదా?"

"తెలియదు. అందుకే వచ్చాను. మంచు పడేలోపల ఒక్క పూట వస్తావా? కాదంటే నేనేమీ అనుకోను. కాదనడానికి నీకు హక్కుంది."

ఆ చివరి మాటకి మానెయో తలెత్తి అతన్ని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చేట పక్కన పెట్టి చేతులు దులుపుకుంది. "రేపు ఎండ గోడమీదికి ఎక్కేసరికి వస్తా. నువ్వు మాత్రం ఎర్రమన్ను రెండు బస్తాలు తెచ్చి ఉంచు. పేడ పచ్చిది కావాలి. నీ అలుకంతా గీకి పారెయ్, ఒక్క పెళ్ళ కూడా ఉండకూడదు."

*

మర్నాడు చెప్పిన వేళకి వచ్చింది. లంగా ఎగదోపి, దుప్పటి గోడమీద పడేసి, మన్నుగుంట చూసి పెదవి విరిచింది.

"చెప్పులిప్పు."

"నేనా?"

"కాకపోతే నీ పుంజు తొక్కుతుందా? గోరువెచ్చని నీళ్ళు పోశాను, కాళ్ళేమీ జివ్వుమనవులే. తొక్కు."

మోజలేఫా పంట్లాం మోకాళ్ళదాకా మడిచి మన్ను తొక్కాడు. దారినపోయే ఆడవాళ్ళు ఇద్దరు నోళ్ళు నొక్కుకున్నారు. మొఖేసి ఎక్కడో దూరంగా గాడిద మీంచి ఈల వేశాడు. మానెయో పేడా మన్నూ పాళ్ళు చూసి, చేత్తో తీసి పిసికి, వేళ్ళ సందుల్లోంచి ఎలా జారుతోందో చూసి, ఇంకో దోసెడు పేడ వేసింది, సన్నగా తరిగిన గడ్డి చల్లింది. తర్వాత గూట్లోకి పాక్కుంటూ దూరింది. లోపల్నుంచి మాటలే వస్తున్నాయి.

"ఈ ఎక్కేకర్ర గుండ్రంగా ఎందుకుంది? పలకలా చెక్కు. కోడి కాలివేళ్ళు చాపి కూర్చుంటేనే పొట్ట ఈకలు వాటిమీద కప్పుకుంటుంది. లేకపోతే వేళ్ళూ పోతాయి, తురాయిలాగే."

"సరే."

"కింద గడ్డి పల్చగా వేశావు. మోచేతి మందం పరవాలి. నీళ్ళచట్టి లోపల పెట్టకు. మరి ఇక్కడ పైన, కప్పుకింద, అంతా ఎందుకు మూశావయ్యా? గీకమన్నా గీకలేదు."

"చలి వస్తుందని."

"చలికి కోడి చావదు. చెమ్మకి చస్తుంది. నోట్లోంచి వచ్చే ఆవిరి, రెట్టల ఆవిరి, అదంతా ఎటు పోవాలి? మాపలేసా పైన నాలుగు వేళ్ళ సందు వదిలేది, ఉత్తరం వైపు. గాలి కోళ్ళ నెత్తిమీదుగా పోవాలి గానీ కోళ్ళమీదుగా పోకూడదు. ముప్ఫై ఏళ్ళు పక్కన కూర్చుని ఏం చూశావు నువ్వు?"

"పొగాకు నమిలాను" అన్నాడు మోజలేఫా నిజాయితీగా.

లోపల్నుంచి నవ్వు వినబడింది. గోడకి అలుకు పట్టిస్తున్న అరచేతి చప్పుడు, ఒకే లయలో, గుండ్రంగా తిరుగుతోంది. ఉన్నట్టుండి ఆ చప్పుడు ఆగింది.

"ఈ రాయి కొత్తది."

మోజలేఫా మన్నుగుంటలోనే నిలబడిపోయాడు. రెండురోజులుగా మనసులో కూడబలుక్కున్న మాటలన్నీ వదిలేసి, జేబులోంచి నీలం గుడ్డముక్క తీసి తలుపులోంచి లోపలికి చాపాడు.

"చెల్లెమ్మా, నీకో మాట..."

"కన్నం సంగతేగా? నాకు తెలుసు."

ఆవిడ పాక్కుంటూ బయటికి వచ్చింది. మోచేతులదాకా ఎర్రమన్ను. గుడ్డముక్కని రెండు వేళ్ళతో పట్టుకుని చూసింది. "ఎలుకలు కొట్టేశాయా? రాయి పెట్టమంటే, రాయి పెట్టడం మగాడి పని, మా ఆయన్ని అడగాలి, అడిగితే ఎందుకంటాడు, అనేది."

"ఎవరు?"

"ఇంకెవరు, మీ ఆవిడ. తీర్పయిన మూడోనాడు గుడ్లకోసం తట్ట జరిపితే కన్నం కనబడిందట. కూలబడి ఏడ్చి, వెనకదారిన మా ఇంటికి వచ్చింది. నా కాళ్ళు పట్టుకోబోయింది. నా కంటే పెద్దది, పట్టుకోనిస్తానా? చుక్కలపెట్టని వెనక్కి తెస్తానంది. తెస్తే ఊరంతా ఎందుకని అడగదూ? వద్దన్నా."

"మరి నువ్వెందుకు చెప్పలేదు? ఊళ్ళో అన్ని మాటలు పడ్డావు. ఒక్క మాట పెద్దగారి చెవిన వేస్తే..."

"ఆవిడ అడిగింది. 'ఆయన ఆ రాతిమీద కూర్చుని తల దించుకోవడం నేను చూడలేను మానెయో' అంది. అలా అడిగాక నేనేం చెయ్యను?" మానెయో గుడ్డని మడిచి గోడమీద పెట్టింది. "ఊరికే ఏమీ అడగలేదులే. గుడ్లు తెచ్చేది. దుప్పటికింద దాచి, వెనకదారిన. రెండు చలికాలాలు తెచ్చింది."

"చలికాలం పెట్టలు గుడ్లు మానేస్తాయి కదా. నాకు అదే చెప్పింది."

"తగ్గుతాయి గానీ గూడు పొడిగా ఉండి, సాయంత్రం గుప్పెడు మొక్కజొన్న పడితే మానవు. నీ పెట్టలు చలికాలం పెట్టినవన్నీ నేను తిన్నానన్నా. నువ్వు ఉత్త సంకటి తిన్నావు."

మోజలేఫాకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మన్నుకాళ్ళతోనే గట్టుమీద కూర్చుని దుప్పటి అంచుతో మొహం తుడుచుకున్నాడు. ఇంతకాలం ఇద్దరాడవాళ్ళు తన తలని చెరోవైపు పట్టుకుని నిలబెట్టారు. తను అది తన మెడ బలం అనుకున్నాడు. మాపలేసా మీద రెండురోజులుగా లోపల కుతకుతలాడుతున్న కోపం ఎటు పోయిందో పోయింది. ఆవిడ బతికి ఉంటే చేతులు పట్టుకునేవాడు. ఎదురుగా ఉన్నావిడ వైపు తిరిగాడు.

"నిన్ను కష్టపెట్టాను తల్లీ. కడుపులో పెట్టుకుని మళ్ళీ నా గోడే అలుకుతున్నావు. నీ రుణం..."

"ఆ మాటలన్నీ ఇప్పుడెందుకు, ఎండ పోతోంది. మన్ను అందించు."

"రేపు ఖోట్లాలో చెప్తాను."

మానెయో చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "వద్దు. నేను మాపలేసాకి మాటిచ్చాను."

"ఆవిడ అడిగింది నిన్ను. నన్ను కాదు."

మానెయో పొద్దు వాలకముందే బయటి అలుకు కూడా పూర్తి చేసింది. చివర్న, కలబంద వెనక, ఎవరికీ కనబడని చోట, కొత్తరాయి మీద తడి అలుకులో నాలుగు వేళ్ళూ ఆనించి చాళ్ళలాగా ముగ్గు గీసింది. కోళ్ళగూటికి ముగ్గేమిటని మోజలేఫా అడగలేదు.

*

మర్నాడు ఖోట్లాలో గడ్డికోతల హద్దుల గురించి మాట్లాడుకుంటున్నారు. ఊరిపెద్ద సెలో ముక్కుపొడుం పీలుస్తూ వింటున్నాడు. మోజలేఫా ఎప్పుడూ కూర్చునే రాయి ఖాళీగా ఉంది. అతను వచ్చి దానిమీద కూర్చోకుండా, ఫిర్యాదీలు నిలబడే చోట నిలబడి టోపీ తీశాడు. గుసగుసలు ఆగాయి.

"రెండేళ్ళ కిందట ఇక్కడ ఒక మాట అన్నాను. నా గూట్లోంచి ఈగ కూడా పోదన్నాను. ఈగ సంగతి నాకు తెలియదు గానీ, నా పెట్టలు బయటికి పోయాయి. నా గోడలో కన్నం ఉండేది. నా చేను గీకింది నా కోళ్ళే. మానెయో కోళ్ళు కాదు. నా మాట నమ్మి మీరు తీర్పు చెప్పారు. తప్పు మీది కాదు, నాది."

సెలో ముక్కుదాకా ఎత్తిన పొడుం కిందికి దించాడు.

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు సెలో.

"ఎవరూ చెప్పలేదు. చలికి గూడు బాగుచేస్తుంటే పొగ చూపించింది." మాపలేసా పేరు అతను ఎత్తలేదు. వెనక ఆడవాళ్ళలో నిలబడి ఉన్న మానెయో అది గమనించింది.

సెలో పొడుంభరిణె మూత పెట్టాడు. "ఒకటి తీసుకుంటే రెండు ఇవ్వాలి. అది ఆనవాయితీ."

"రెండు కాదు. చుక్కలపెట్ట, దాని కూతుళ్ళు ఎనిమిది. ఆ తొమ్మిదీ ఆవిడవే. ఆవిడ గూట్లో పుట్టాల్సినవి నా గూట్లో పుట్టాయి."

సెలో మానెయోని ముందుకి పిలిచాడు. ఆవిడ దుప్పటి సర్దుకుని వచ్చి నిలబడింది. ఒకప్పుడు ఇదే చోట ఆవిడ మాట మధ్యలో తెంపేసిన మగవాళ్ళంతా ఇప్పుడు నేలచూపులు చూస్తున్నారు.

"కోళ్ళు నావంటే నావే, కాదనను" అంది మానెయో. "కానీ నాకిప్పుడు గూడేదీ? కప్పు కూలింది. మంచు నెత్తిమీద ఉంది. అందుకని నా తొమ్మిది కోళ్ళనీ మోజలేఫా అన్న దగ్గర మఫీసాకి ఉంచుతున్నాను. మేపడం ఆయన వంతు. పిల్లలు నావి. గుడ్లు సగం సగం."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మొఖేసి తొడ చరిచి నవ్వాడు. "ఆవుల్ని మఫీసాకి ఇస్తారు, గొర్రెల్ని ఇస్తారు. కోళ్ళని ఇచ్చినవాళ్ళు ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారా? ఒరే మోజలేఫా, కోళ్ళకి పాలేరు ఉద్యోగం దొరికిందిరా నీకు!"

ఖోట్లా అంతా ఘొల్లుమంది. సెలో కూడా మీసాలు తడుముకుంటూ నవ్వాడు. మోజలేఫా నవ్వలేదు. ఇద్దరు మనుషులు ఏటా ఒకరింటికి ఒకరు వచ్చీపోయే పొత్తు అది. ఈ చలికాలంతో తీరిపోయేది కాదు. మానెయో తనకి ఏమిచ్చిందో అతనికి తెలిసింది. టోపీ రెండు చేతులతో గుండెకి ఆనించుకుని ఆవిడ ముందు తల దించాడు. దించిన తల బరువుగా లేదు. హాయిగా ఉంది.

"మాపలేసా చూస్తే ఏమనేదో" అన్నాడు, ఆవిడకి మాత్రం వినబడేట్టు.

"ఏమంటుంది, కాళ్ళు కడుక్కోమనేది. ఇంకా మన్ను వదల్లేదు నీకు" అంది మానెయో.

*

మంచు మూడోరోజు పడింది. రెండు పగళ్ళు ఎడతెరిపి లేకుండా కురిసింది. కొండా చేనూ దారీ ఒకటైపోయాయి. మోజలేఫా పూటపూటకీ గూటిచుట్టూ మంచు తవ్వి పోశాడు, కప్పుకింది నాలుగువేళ్ళ సందు పూడిపోకుండా పుల్లతో దులిపాడు, చట్టిలో వెచ్చని నీళ్ళు మార్చాడు, సాయంత్రం గుప్పెడు మొక్కజొన్న విసిరాడు. తలుపు సందులోంచి ముక్కు పెట్టి వాసన చూశాడు. ఘాటు లేదు. ఎండుగడ్డి వాసన, ఈకల వెచ్చదనం.

మూడోనాటి పొద్దున ఎండ వచ్చింది. తలుపు తీసి లెక్కపెట్టాడు. పన్నెండు పెట్టలూ ఉన్నాయి. పుంజు అందరికంటే ముందు మంచులో కాలు పెట్టి, వెనక్కి తీసుకుని, అవమానం జరిగినట్టు కూసింది. తట్టలో చెయ్యి పెడితే గడ్డిలో గుడ్లు రెండు తగిలాయి.

ఒకటి పొయ్యిదగ్గర పెట్టాడు. రెండోది దుప్పటికింద పెట్టుకోబోయి, ఆగి, అరచేతిలోనే పట్టుకున్నాడు. మోకాలిలోతు మంచులో ఊరి మధ్యగా, ఖోట్లా పక్కగా నడిచాడు. దొడ్డిదగ్గర మంచు తోస్తున్న మొఖేసి చూసి "ఎవరిదిరా ఆ గుడ్డు?" అని కేకేశాడు. "మా ఆసామిది" అన్నాడు మోజలేఫా.

మానెయో తలుపు తీసి, గుడ్డుని చూసి, అతని కాళ్ళకి అంటిన మంచుని చూసింది. గుడ్డు తీసుకుని చెంపకి ఆనించుకుంది.

"గూడు పొడిగా ఉందన్నమాట."

"ఉంది."

"ఇంత మంచులో వెనకదారి పూడిపోయి ఉంటుందే. ఎలా వచ్చావు?"

"ముందుదారినే వచ్చానమ్మా" అన్నాడు.

మానెయో పక్కకి తప్పుకుని, పొయ్యిదగ్గర పీట వాల్చింది.